పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం: షాహెద్ డ్రోన్‌కి ఈ సామెత అతుకుతుందా?

డెస్కు మిత్రుడు:
అందరికీ నమస్కారం. నేను పత్రికలో అంతర్జాతీయ వార్తలు చూస్తాను. ఇరాన్ డ్రోన్ల మీద వచ్చిన వ్యాసానికి శీర్షిక దగ్గర మా డెస్కులో పేచీ పడింది. ఇరాన్ షాహెద్-136 డ్రోన్ ఒక్కోటి 20 వేల నుంచి 50 వేల డాలర్లు ఉంటుందని అంచనా. దాన్ని కూల్చడానికి అమెరికా గగనతల రక్షణ వ్యవస్థ పేట్రియాట్ వాడితే, అందులో కొత్త రకం క్షిపణి ఒక్కోటి సుమారు 40 లక్షల డాలర్లు. రాసినాయన 'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం' అని పెట్టాడు. మా సీనియర్ గారు ఎర్రసిరాతో కొట్టేశారు. 'పిచ్చుక ఎక్కడైనా 40 కిలోల మందుగుండు మోసుకొస్తుందటయ్యా?' అన్నారు. సామెత వాడకం సరైందేనా? పెద్దలు తేల్చాలి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
మీ సీనియర్ గారి తీర్పే నాదీను. కాకపోతే కారణం వేరు. ఈ సామెతలో దెబ్బ తగిలేది పిచ్చుకకే అయినా, మాట పడేది అస్త్రం వేసినవాడు. 'అంత చిన్న ప్రాణి మీదా నీ ప్రతాపం?' అని నిలదీయడం దీని పని. పేదరైతు మీద బడా కంపెనీ కోర్టుకెక్కితే అంటాం, పిల్లాడు పలక పగలగొడితే బెత్తం తీసిన తండ్రిని అంటాం. లోపల పిచ్చుక మీద జాలి ఉండాలి. షాహెద్ మూడున్నర మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల రెక్కలు, 200 కిలోల బరువు. ఏ కరెంటు కేంద్రం మీదో పడడానికి వస్తున్నదాని మీద జాలి ఎవరికి? పైగా సామెతలో ఎక్కడా డబ్బు ప్రసక్తి లేదు. బ్రహ్మాస్త్రానికి రేటు ఎవరు కట్టారు?

డెస్కు మిత్రుడు:
మాస్టారూ, ఈ రోజుల్లో 'చిన్న పనికి పెద్ద ఖర్చు' అనే అర్థంలో కూడా వాడేస్తున్నారు కదండీ.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
వాడుతున్నారు. వాడినంత మాత్రాన నేను మార్కులు వేయను. అచ్చంగా అతికే సంగతి ఒకటుంది, కావాలంటే తీసుకోండి. 2017లో డేవిడ్ పెర్కిన్స్ అనే అమెరికా జనరల్ ఒక సభలో చెప్పాడు. తమ మిత్రదేశం ఒకటి, 200 డాలర్లకు బజార్లో దొరికే నాలుగు రెక్కల బుల్లి డ్రోన్‌ని 30 లక్షల డాలర్ల పేట్రియాట్‌తో కొట్టిందట. అదీ పిచ్చుక, అదీ బ్రహ్మాస్త్రం. దేశం పేరు మాత్రం చెప్పలేదు, మర్యాద కోసం కాబోలు.

వరంగల్ తమ్ముడు:
అన్నా, గింత లొల్లి ఎందుకు? మా దిక్కు దీనికి తయారుగ సామెత ఉన్నది. చారాణా కోడికి బారాణా మసాలా. నాలుగణాల కోడిని తెచ్చి పన్నెండణాల మసాలా నూరుడు. దీంట్ల జాలి లేదు, ధర్మం లేదు, ఒట్టి లెక్కనే. మీకు కావాల్సింది గదే గద.

డెస్కు మిత్రుడు:
బ్రహ్మాండం తమ్ముడూ! మా సీనియర్ గారికి చూపిస్తాను. ఒక్కటే అనుమానం, ఒకటికి మూడు అనే లెక్క ఇక్కడ చాలదు. ఇక్కడ ఒకటికి వంద.

వరంగల్ తమ్ముడు:
కోడి సన్నగయింది, మసాలా పిరమైంది అనుకోరాదుండ్రి.

కర్నూలు ఇంజినీరు:
లెక్కల మాట వచ్చింది కాబట్టి దూరుతున్నాను. ముందు వ్యాసంలో చిన్న సవరణ. షాహెద్‌ని పేట్రియాట్‌తో కొట్టడం చివరి మార్గం, అలవాటు కాదు. 2024 ఏప్రిల్ 13 రాత్రి ఇరాన్ ఇజ్రాయెల్ మీదికి సుమారు 170 డ్రోన్లు, 30కి పైగా క్రూయిజ్ క్షిపణులు, 110కి పైగా బాలిస్టిక్ క్షిపణులు వదిలింది. డ్రోన్లలో ఒక్కటి కూడా తమ గగనతలంలోకి రాలేదని ఇజ్రాయెల్ సైన్యం ప్రకటించింది. వాటిలో చాలామటుకు దారిలోనే ఇజ్రాయెల్, అమెరికా, బ్రిటన్ యుద్ధ విమానాలు, జోర్డాన్ సైన్యం కూల్చాయి. అయినా ఆ ఒక్క రాత్రి రక్షణ ఖర్చు 400 నుంచి 500 కోట్ల షెకెళ్లని (ఇజ్రాయెల్ కరెన్సీ) అక్కడి సైన్యాధిపతికి ఒకప్పుడు ఆర్థిక సలహాదారుగా ఉన్నాయన అంచనా కట్టాడు. వందకు పైగా కోట్ల డాలర్లు.

షాహెద్ గంటకు 185 కిలోమీటర్లకు మించి పోదు. వెనక చిన్న టూ-స్ట్రోక్ ఇంజిన్, ముక్కులో మందుగుండు. దాని మోత విని ఉక్రెయిన్ జనం 'మోపెడ్' అని పేరు పెట్టారు. మన పాత లూనా ఆకాశంలో వెళ్తున్నట్టన్నమాట. ఇంత మెల్లగా, ఇంత రొద చేస్తూ వచ్చేది ప్రమాదం ఎందుకయ్యా అంటే, ఒకటి కాదు, వందలు వస్తాయి. ఒక్కటి తప్పినా చాలు.

ఇక మీ సామెతను నిజంగా తలకిందులు చేసేది లేజర్. ఇజ్రాయెల్ 100 కిలోవాట్ల తరగతి ఐరన్ బీమ్ అనే లేజర్‌ని 2025 డిసెంబరులో సైన్యానికి అప్పగించింది. దాంతో ఒకసారి కొడితే మూడున్నర డాలర్లని అప్పటి ప్రధాని బెన్నెట్ 2022లో చెప్పాడు. అమెరికా నేవీ అయితే 2014లోనే పాన్స్ అనే ఓడ మీద 30 కిలోవాట్ల లేజర్ బిగించి పర్షియన్ గల్ఫ్‌లో, ఇరాన్ ముంగిట్లోనే తిప్పింది. మా కర్నూలు దగ్గరి డీఆర్‌డీఓ మైదానంలో 2025 ఏప్రిల్ 13న ఇలాంటి 30 కిలోవాట్ల లేజర్‌తోనే డ్రోన్లను కూల్చి చూపించారు. దాన్ని చేసింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల 'చెస్'. ఇరాన్ దాడికి సరిగ్గా ఏడాది తిరిగిన రోజది, కాకతాళీయమే అనుకోండి. అస్త్రమే పిచ్చుక కన్నా చవకైతే సామెత ఏం కావాలి?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
దానికీ మన దగ్గర కథ ఉంది బాబూ. సుందరకాండలో సీతమ్మ హనుమతో చెప్పే కాకాసురుడి కథ గుర్తు చేసుకోండి. రాముడు కాకి మీద బ్రహ్మాస్త్రమే వేశాడు. దేంతో? పడుకున్న దర్భాసనం నుంచి లాగిన ఒక్క గడ్డిపరకతో. ఆ పరక మూడు లోకాల్లోనూ కాకిని తరిమింది. పరకకి కానీ ఖర్చు లేదు, మంత్రానిదే మహిమ. మీ మూడున్నర డాలర్ల కిరణం ఆ దర్భ లాంటిదే కాదూ?

కర్నూలు ఇంజినీరు:
పోలిక బాగుంది కానీ మాస్టారూ, మీ దర్భ కాకి వెంట పడి తిరిగింది. లేజర్ అలా తిరగదు. నేరుగా చూపు ఆనినంత మేరే పనిచేస్తుంది. డ్రోన్ ఒంటి మీద ఒకే చోట కొన్ని సెకన్లు కదలకుండా నిలిపితే గానీ ఆ తొడుగు మాడి, రెక్కో ఇంజినో దెబ్బతినదు. మబ్బు పట్టినా, దుమ్ము లేచినా, పొగమంచు కమ్మినా చతికిలపడుతుంది. ఒక దాన్ని ముగించాకే ఇంకోదాని మీదికి తిప్పాలి. ఆ మూడున్నర డాలర్లు కరెంటు ఖర్చు. యంత్రం ఖర్చు వేరే. అందుకే క్షిపణుల్ని పక్కన పెట్టకుండా వాటికి తోడుగా దీన్ని నిలుపుతున్నారు.

న్యూజెర్సీ అక్క:
ఆలస్యంగా చూశాను. అందరూ ఖరీదు దగ్గరే ఆగిపోయారేమిటి? ఇక్కడ అసలు దెబ్బ నిల్వ మీద. క్షిపణులు కారుచౌక అయినా సరే, నెలకి ఇన్నే తయారవుతాయి. ముందు డ్రోన్లు పంపి వాటి మీద ఖర్చు పెట్టిస్తే, వెనకొచ్చే బాలిస్టిక్ క్షిపణికి మిగిలేదేమిటి? దీనికి భారతంలో సరిగ్గా సరిపోయే ఘట్టం ఉంది. ఇంద్రుడు కర్ణుడికిచ్చిన శక్తి. ఒక్కసారే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు విరుచుకుపడి సేననంతా చీల్చేస్తుంటే కౌరవులు గోలపెట్టి ఆ శక్తిని వేయించారు. ఘటోత్కచుడు కూలాడు, పాండవులు ఏడ్చారు, కృష్ణుడొక్కడూ సంబరపడ్డాడు. డ్రోన్ పంపినవాడి లెక్క కృష్ణుడి లెక్కే. పైగా కర్ణుడిది దుబారా కాదు, వేయకపోతే ఆ రాత్రే సైన్యం పోయేది. గగనతలం కాచేవాడి ఇరకాటం కూడా అదే. డ్రోన్ ధరతో కాదు, అది పడబోయే చోటు ధరతో పోల్చుకుంటాడు వాడు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మాయీ, దీనికి మాత్రం నూటికి నూరు. 'ఘటోత్కచుడి మీద శక్తి' అని సామెతల పుస్తకాల్లో లేదు, ఉండాల్సింది.

పాతబస్తీ మిత్రుడు:
మీరంతా అస్త్రం వైపు నుంచే చూస్తున్నారు. ఇరాన్ వాళ్లు పిచ్చుక వైపు నుంచి చూశారు, పేర్లతో సహా. 1980లలో ఇరాక్‌తో యుద్ధం నాటి వాళ్ల పాత డ్రోన్ పేరు అబాబీల్. ఖురాన్‌లో 105వ సూరా (అధ్యాయం) పేరు 'ఫీల్', అంటే ఏనుగు. అయిదే ఆయతులు, అంటే వాక్యాలు. అబ్రహా అనేవాడు ఏనుగుల దండుతో మక్కా మీదికొస్తే, గుంపులు గుంపులుగా పిట్టలు వచ్చి కాల్చిన మట్టిరాళ్లు జారవిడిచి ఆ దండును నమిలేసిన గడ్డిలా చేశాయి. ఆ గుంపులే అబాబీల్. ఆ రాళ్లు సిజ్జీల్. ఇరాన్ బాలిస్టిక్ క్షిపణి ఒకదాని పేరు సెజ్జీల్ అన్నది కూడా ఇక్కడి నుంచే. మా ఇళ్లలో ఉర్దూలో అబాబీల్ అంటే చూరుల కింద మట్టిగూళ్లు కట్టుకునే చిన్న పిట్ట, పిచ్చుకంతే ఉంటుంది. ఆ కథలో ఓడిపోయేది ఏనుగే.

ఇంకో ముచ్చట. షాహెద్‌ను తెలుగు పేపర్లు 'షహీద్' అని రాస్తున్నాయి. షహీద్ అంటే అమరుడు. షాహెద్ అంటే సాక్షి (పత్రిక కాదు లెండి). రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినా మాటలు వేరు. 2024 దాడికి ఇరాన్ పెట్టుకున్న పేరు 'వాదె సాదెఖ్', సత్యమైన వాగ్దానం అని. ఆ వాదా మన కోర్టు కచేరీల్లోకి వచ్చి 'వాయిదా' అయింది. మాట ఇవ్వడం కాస్తా మనకు గడువు మార్చడమైంది!

డెస్కు మిత్రుడు:
మహాప్రభో, వ్యాసం నిండా షహీదే ఉంది. వెంటనే దిద్దుతాను. ఏనుగు, పిచ్చుకల సంగతి కూడా ఇరికించాలి. ఎందుకంటే అమెరికా కూడా షాహెద్ పోలికలతో లూకాస్ అనే డ్రోన్ చేసి, దాదాపు 35 వేల డాలర్లకు ఒకటి చొప్పున, 2025 డిసెంబరులో పశ్చిమాసియాలో ఒక దళాన్నే దింపింది. బ్రహ్మాస్త్రాలున్నవాళ్లే పిచ్చుకల్ని పెంచుతున్నారు. ఇంకొక్క సందేహం తీర్చండి. వీటిని 'ఆత్మాహుతి డ్రోన్లు' అనవచ్చా?

న్యూజెర్సీ అక్క:
నాకు ఆ మాట పంటికింద రాయి. ఆత్మ ఎవరిది, ఆహుతి ఎవరిది? నడిపినవాడు ఎక్కడో క్షేమంగా ఉంటాడు. షాహెద్ అయితే ఎక్కడ పడాలో ముందే నింపి పంపేస్తారు, నడిపేవాడు కూడా ఉండడు. ఆ ఏప్రిల్ రాత్రి ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో క్షిపణి శకలం తగిలి చావుబతుకుల్లో పడింది ఏడేళ్ల బెదూయిన్ అరబ్బు పాప. కింద రక్తమాంసాలున్న మనుషులుంటే, యంత్రానికి ఆత్మాహుతి గౌరవం ఇవ్వడమేమిటి? నేనైతే 'తిరిగిరాని డ్రోన్' అంటాను.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అగ్నిపురాణంలో ఆయుధాలను విడదీసిన తీరు చూడండి. యంత్రముక్తం, యంత్రంతో విడిచేది. పాణిముక్తం, చేత్తో విసిరేది. ముక్తసంధారితం, విడిచి మళ్లీ తీసుకునేది. అముక్తం, చేయి వదలని కత్తి. బాంబు వేసి ఇంటికొచ్చే ఇరాన్ మొహాజెర్ లాంటి డ్రోన్ ముక్తసంధారితం. లారీ మీది చట్రం నుంచి వదిలే షాహెద్ ఒట్టి యంత్రముక్తం. పేరుకే డ్రోన్, జాతికి బాణం. లేజర్ ఎక్కడికొస్తుందో నాకూ తేలలేదు. ఏమీ చేయి దాటదు, అయినా దూరాన ఉన్నది కాలుతుంది.

పాతబస్తీ మిత్రుడు:
అయితే 'ఆత్మాహుతి' బదులు 'బాణం డ్రోన్' అంటారా మాస్టారూ?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మాయి మాటే నయం, 'తిరిగిరాని' అనండి. కాకపోతే పత్రికల వాళ్లు వినరు. ఆత్మాహుతి అంటే ఒళ్లు జలదరిస్తుంది, తిరిగిరాని అంటే బస్సు టికెట్టు గుర్తొస్తుంది.

న్యూజెర్సీ అక్క:
బస్సు టికెట్టే గుర్తు రానివ్వండి. నేను అలాగే రాస్తాను.