విడ్డూరంలో ‘డ్డ’ ఎక్కడిది?

మా నాయనమ్మ, కృష్ణుడు మన్ను తిన్న కథ చెబుతూ “కలయో వైష్ణవమాయయో” పద్యం అందుకునేది. చివర “...ఏమి హేతువొ విడ్డూరంబు చింతింపఁగన్” అని ముక్కున వేలేసుకునేది. నిన్నటి నుంచి ఆ పాదం వదలడం లేదు. ఇది పాఠాంతరమా, ఆవిడ కల్పనా? అసలు విడ్డూరం ఎలా పుట్టింది?

— పాఠాంతరం అయ్యే వీల్లేదండీ. పోతన మాట “మహాశ్చర్యంబు”, 5 అక్షరాలు. విడ్డూరంబు నాలుగే. మత్తేభానికి 20 ఉండాల్సిన చోట 19 మిగులుతాయి. పైగా పాదం “జ్వ”తో ఎత్తుకున్నాడు కదా, 14వ అక్షరం “శ్చ” దానికి యతి. మీ నాయనమ్మగారు చదివినట్టయితే అక్కడికి “రం” వస్తుంది.

— యతి సంగతి ఒప్పుకుంటాను. మాట చూడండి. విడ్డూరంలో ఆశ్చర్యంతో పాటు మందలింపు ఉంటుంది. ఇంద్రధనుస్సుని ఎవరూ విడ్డూరం అనరు. “ఎక్కడి విడ్డూరమమ్మా, ఎక్కడా చూళ్లేదు!” అని మనిషి చేసిన పనినే అంటాం. యశోద వచ్చింది కొడుకుని గదమాయించడానికే. నోరు తెరిపించాక కూడా ఆవిడ గొంతులో ఆ గదమాయింపు కొంత మిగిలే ఉంటుంది. నాయనమ్మగారు ఆ గొంతు విన్నారు.

— పుట్టుక అడిగారు కదా. నేను ఏళ్లుగా విదూరం అనే నమ్ముతున్నాను. చాలా దూరానిది, మన ఎరుకలో లేనిది, అందుకే వింత.

— దూరం మన నోట దూరంగానే ఉండగా విదూరంలో ద మాత్రం డ్డ ఎందుకైంది?

— వైడూర్యం ఎలా అయిందో అలాగే. పాణిని “విదూరాఞ్ఞ్యః” అని దాన్ని విదూరం నుంచే సాధించాడు. మనం పలికేది డకారంతోనే.

— అది తలకిందులండీ. పాళీలో వేళురియ ఉంది. ముందు నుంచీ ఉన్నది ఆ ళ-డ ధ్వనే, విదూరంతో ముడి తర్వాత పడింది. రత్నం పుట్టేది వాలవాయమనే కొండలో, సంస్కారం జరిగేది విదూరమనే ఊళ్లో అని పాణినికి వ్యాఖ్య అయిన మహాభాష్యంలో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అయినా వైడూర్యంలో ఉన్నది ఒక్క డ. మనకి కావలసింది ద్విత్వం.

— ఊనిక కోసం వచ్చి ఉంటుంది. పెద పెద్ద కాలేదా, చిన చిన్న కాలేదా?

— అవీ తలకిందులే. పెద్ద, చిన్న కుదించుకుని సమాసాల్లో పెద, చిన అయ్యాయి.

— డ్డ దగ్గరే ఆగిపోయాం, చోద్యాన్ని మరిచారు. చుద్ ధాతువు, గాయత్రిలో “ప్రచోదయాత్” అన్నదీ ఇదే. శాస్త్రాల్లో చోద్యమంటే ఎదుటివాడు లేవనెత్తే ప్రశ్న. జవాబు అడిగేది కాబట్టి వింత అయిందని నా అభిప్రాయం. ఇప్పుడు “చోద్యం చూస్తున్నావా?” అంటే ఏమీ చేయకుండా నిలబడ్డావా అని. ప్రశ్న అన్న అర్థం పూర్తిగా పోయింది. నాకు ఇది నిజంగా కష్టంగా ఉంటుంది.

— అబ్బురం మాత్రం చెక్కుచెదరలేదు. అద్భుతానికి తద్భవం. అన్నమయ్య “అబ్బురంపు శిశువు ఆకుమీఁది శిశువు” అన్నాడు. అద్భుత శిశువు అనుంటే దణ్ణం పెట్టి ఊరుకునేవాళ్లం. అబ్బురంపు శిశువు అన్నాడు గనక ఎత్తుకోబుద్ధేస్తుంది. “బ్బు” దగ్గర పెదాలు మూసుకుని తెరుచుకోవడం చూడండి, పసివాణ్ణి ముద్దాడినట్టే.

— మీరు అన్నమయ్యను తెచ్చారు గానీ పోతన ఓర్పు చూడండి. ఆశ్చర్యమన్న మాట చివరి పాదం దాకా రానివ్వడు. దానికి ముందు యశోద చేత 6 సందేహాలు పడనిస్తాడు.

— ఏడు. “సత్యమో” లెక్కపెట్టలేదు మీరు. నేను యశోదనేనా అన్నంత దూరం వెళ్లిన తల్లి, ఇది నిజమేమో అని కూడా అనుమానపడింది.

— అడిగింది నేనే. నాయనమ్మ ఒక్కో సందేహానికి ఒక్కో వేలు మడిచేది. రెండో చేతికి వెళ్లడం గుర్తుంది. ఎన్ని వేళ్లో గుర్తు లేదు. డ్డ గురించి ఇంకెవరికైనా తోస్తే రాయండి.