సమస్య: "శాంతమున్న చోట జగడమయ్యె"

నిర్వాహకుడు, విజయనగరం: దసరాకు జమ్మిని పూజించి, ఆ తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూసి వచ్చాక తట్టిన పాదం ఇది. శమింపజేసేది కనుక జమ్మిని శమి అంటారు. శాంతమూ ఆ 'శమ్' ధాతువు బిడ్డే. అణగడం, చల్లారడం అని అర్థం. 'క్త' ప్రత్యయం చేరితే దీర్ఘం వచ్చి శాంతం. మీరు మాత్రం అణగకండి.

నాగావళి:
అష్ట రసము లనుచు నా భరతుడు జెప్ప
నభినవుండు నవమ మంచు నిలిపెఁ
గాదు కాద టంచు ఖండించె ధనికుండు
శాంతమున్న చోట జగడమయ్యె

బొబ్బిలి వీణ: శాంతం తొమ్మిదో రసమా కాదా అన్న పాత తగవును పట్టుకురావడం గడుసుతనమే. కానీ 'భరతుడు జెప్ప' ఏమిటండీ? ప్రథమా విభక్తి మీద 'చ'కు 'జ' అనే సరళమా? చెప్ప అనండి, సెప్ప అనండి. 'నిలిపెఁ గాదు' దగ్గర ద్రుతాన్ని, అదే సరళం తెచ్చే చివరి నకారాన్ని, అంత జాగ్రత్తగా చూసుకున్నవారే! పైగా దశరూపక వ్యాఖ్యాత ధనికుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడికి ఎదురుగా కూర్చుని బదులిచ్చినట్టుంది. ధనికుడిది మాళవం, అభినవుడిది కాశ్మీరం, కాలం దాదాపు ఒకటే. ధనికుడు కాదన్నది నాట్యంలో శాంతాన్ని. హర్షుడి నాగానందం నాటకంలో నాయకుడు జీమూతవాహనుడిది శాంతం కాదు, దయావీరమని తేల్చాడు.

నాగావళి: సరళాల సంగతి మీ నోట వినడం ముచ్చటగా ఉంది. నిరుటి పూరణలో 'నిమ్మళము' దేశ్యమని, సంస్కృతం నుంచి రాలేదని పంతం పట్టినదెవరో! నిర్మలమే నిమ్మళమైంది. జ్వరం నిమ్మళించిందంటే ఒంట్లో కలక తేరిందనే కదా.

బొబ్బిలి వీణ: ఆ మాట ఎత్తనిదే మీకు పూట గడవదు. ఇదిగో నాది:
ఆశ చివర జూడ నక్షరంబది 'శ'యే
పాశ నాశ కోశ పదము లట్లె
వ్రాసి చూడు మన్న రచ్చయే మిగిలెను
శాంతమున్న చోట జగడమయ్యె

పాలకొండ మాస్టారు: శ-అంతము! భలే విరిచారు. కోశమంటే ఖజానా కూడాను, జగడానికి అదొక్కటి చాలు. అయితే వ్యాకరణంలో శాంతమంటే 'శ్' హల్లుతో ముగిసే దిశ్ వంటిది. ఆశ ఆకారాంతం, తక్కినవి అకారాంతాలు.

బొబ్బిలి వీణ: మాస్టారూ, తెలుగులోకి వచ్చాక ఆశకు ఆ దీర్ఘమెక్కడిది?

నాగావళి: 'చివర జూడ'లో సరళానికి ద్రుతం ఉందా అని వెతికాను. ఉంది, ఏం చేస్తాం.