విజయనగరంలో ఇంటి దగ్గరే టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ సాధన: మొదట ఏం కొనాలి?

గంటస్తంభం:

అందరికీ నమస్కారం. మా గుంటకి పదమూడేళ్లు. ఓపెన్ సైట్‌తో (గాడిలోంచి చూసి గురి పెట్టేది) బాగానే కొడుతోంది, ఇప్పుడు పీప్ సైట్ (చిన్న కన్నంలోంచి చూసి గురి పెట్టేది) రైఫిల్‌కి మారాలంటోంది. మేడ మీద హాలు, వరండా కలిపి గోడకీ గోడకీ మధ్య 12 మీటర్ల 40 సెంటీమీటర్లు వస్తోంది. అడగాల్సినవి నాలుగున్నాయి. ముందు చవగ్గా ఒక స్ప్రింగ్ గన్ కొని, ఏడాది తర్వాత పీసీపీకి (సిలిండర్లో ముందే నింపిన గాలితో కొట్టే రైఫిల్‌కి) మారితే ఏమైనా నష్టమా? వాడిన ఫెయిన్‌వెర్క్‌బావ్ (జర్మన్ కంపెనీ) రైఫిల్ ఒకటి అమ్మకానికి వచ్చింది, చూసేటప్పుడు ఏమేం పట్టి చూడాలి? గాలి ఎక్కడ నింపించాలి? పెల్లెట్లు (సీసం గుండ్లు) రోజూ చాలా ఖర్చవుతాయి కదా, సీసం కరిగించి ఇంట్లోనే పోసుకోవడం కుదురుతుందా? జాకెట్, ప్యాంటు కూడా ఇప్పుడే కొనమంటున్నారు. ఉన్న డబ్బుని ఏ వరసలో ఖర్చు పెట్టాలో చెప్పండి.

నాగావళి ఒడ్డు:

గంటస్తంభం గారూ, కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్యండి. పాప రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా ఉన్న ఫ్యాను బోల్టునో గడియారాన్నో చూడమనండి. అలాగే ఉంచి ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు బోల్టు సందులోనే ఉందో అది గురి కన్ను. కుడిచేతి వాటం పిల్లకి ఎడమ కన్ను గురి కన్ను అయితే బ్లైండర్ (ఆ కన్నుకి అడ్డుపెట్టే ముక్క) పెట్టి కుడివైపు నేర్పాలా, ఎడమ చేతి స్టాక్ (భుజానికి, చెంపకి ఆనించే భాగం) కొనాలా అన్నది కోచ్‌తో ఇప్పుడే తేల్చుకోండి. తుపాకీ ఇంటికొచ్చాక తేలితే స్టాక్ మార్చాలి.

స్ప్రింగ్ గన్ వద్దు. పాడు వస్తువని కాదు. స్ప్రింగు వదిలాక లోపల పిస్టన్ ముందుకి పరిగెడుతుంది, పెల్లెట్ ఇంకా బారెల్లో ఉండగానే రైఫిల్ కదులుతుంది. దాన్ని కాయడానికి చెయ్యి ఒక రకంగా పట్టడం అలవాటు పడుతుంది. పీసీపీలో ఆ కదలిక దాదాపు ఉండదు, అంచేత ఆ పట్టు మళ్లీ మాన్పించాలి. ట్రిగ్గరు సంగతి కూడా అంతే. కిలోన్నర బరువు లాగడం అలవాటైన వేలికి మ్యాచ్ ట్రిగ్గరు ఇస్తే తాకీ తాకకుండానే పేలిపోతుంది. ఓపెన్ సైట్ పోటీలకి స్ప్రింగ్ గన్ పనికొస్తుంది. మీ పాప దారి పీప్ సైట్ అయినప్పుడు ఆ డబ్బు దాచి పీసీపీలోనే పెట్టండి. కొత్తదే కావాలంటే మనదేశంలో ప్రెసిహోల్ వాళ్ల మ్యాచ్ రైఫిళ్లు దొరుకుతున్నాయి, విడిభాగాలకి విదేశాల వైపు చూడక్కర్లేదు.

వాడిన ఫెయిన్‌వెర్క్‌బావ్ గురించి. ముందు చూడాల్సింది బారెల్ కాదు, గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ. తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు దాటిన సిలిండర్‌ని ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో వాడనివ్వరు, ఇంట్లో అయినా పిల్లల చేతికి ఇవ్వకూడదు. తేదీ దాటితే కొత్త సిలిండర్ ధరని బేరంలో తీసెయ్యండి. తర్వాత రెగ్యులేటర్, అంటే ప్రతి షాటుకీ ఒకే పీడనం అందించే భాగం. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచేది) పెట్టి ఒకే డబ్బాలోని 20 పెల్లెట్లు వరసగా కొట్టండి. 0.53 గ్రాముల పెల్లెట్‌కి సెకనుకి 170 మీటర్లకి అటూ ఇటూ రావాలి, ఒక షాటుకీ ఇంకో షాటుకీ 2, 3 మీటర్లకి మించి తేడా ఉండకూడదు. అక్కడితో ఆగకండి. పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి ఒక్కటి కొట్టండి. ఆ ఒక్కటీ వేగంగా వచ్చి, రెండోది మామూలుకి దిగితే రెగ్యులేటర్ సీటు అరిగి పీడనం మెల్లగా లోపలికి పాకుతోందన్నమాట. పాప కార్డు మీద మొదటి గుండు ఎప్పుడూ పైకే పోతుంది, తప్పు తనదనుకుని బెంగపడుతుంది. సీల్ కిట్‌తో బాగయ్యే జబ్బే, ఆ ఖర్చు కూడా బేరంలోకి రావాలి.

బరువు ఇంకో సంగతి. నిబంధన 5.5 కిలోలు దాటకూడదంటుంది, అంత బరువు ఉండాలని కాదు. పదమూడేళ్ల పిల్లకి 4 కిలోల చుట్టుపక్కల మొదలుపెడితే చాలు, బారెల్ బరువులు తీసేసి దాచండి. నిలబడి ఎడమ మోచెయ్యి నడుం ఎముక మీద ఆనించి రైఫిల్ ఎత్తితే, మెడ వంచకుండా పీప్ కంటి ముందుకి రావాలి. చెంప ఆనించే చెక్క పైకి జరిపినా తల వంగుతోందంటే ఆ స్టాక్ తనకి పొడుగు. పేరున్న కంపెనీదైనా వదిలెయ్యండి.

డబ్బు వరస నా లెక్కలో ఇది: ఒంటికి సరిపోయే రైఫిల్, గాలి ఏర్పాటు, పెల్లెట్ ట్రాప్ (కొట్టిన గుండ్లు పట్టే పెట్టె), పెల్లెట్లు, బూట్లు, గ్లవ్. జాకెట్ ఆఖర్న. ఎదిగే పిల్లకి ఇప్పుడు కొలతలిచ్చి కుట్టించిన జాకెట్ ఏడాదికే బిగుతవుతుంది. మే నెలలో మన ఉక్కలో ఆ కాన్వాసూ తోలూ వేసుకుని నిలబడటమే ఒక శిక్ష. కావాలంటే వాడినది కొనండి, భుజం దగ్గర మెత్తబడిపోయిందేమో చూసుకోండి.

కళింగపట్నం లైట్‌హౌస్:

గాలి గురించి నేను చెప్తాను. మన తీరంలో చాలామంది తుపాకులు పాడయ్యేది ఇక్కడే.

చేతిపంపు చవక. పని కూడా చేస్తుంది. కానీ ఒక లెక్క చూడండి. వానాకాలంలో మన గాలిలో ఘనపు మీటరుకి సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. రైఫిల్ సిలిండర్ పావు లీటరు అనుకుందాం. 100 బార్ల పీడనం నుంచి 200కి నింపడానికి బయటి గాలి 25 లీటర్లు కావాలి. అందులో అర గ్రాముకి పైనే నీళ్లున్నాయి. ఆ పీడనం దగ్గర సిలిండర్లో ఆవిరిగా నిలవగలిగేది పది మిల్లీగ్రాముల లోపే. మిగతాదంతా నీరై దిగాల్సిందే. పంపు ఫిల్టరు కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు. ఒక్కసారికి ఒక చుక్కే కదా అనిపిస్తుంది. వారానికి రెండుసార్లు చొప్పున ఏడాది పొడుగునా అంటే రెగ్యులేటర్లో పచ్చటి కిలుం, వాల్వు దగ్గర తుప్పు. చేతిపంపే వాడాలంటే డ్రయర్ కార్ట్రిడ్జ్ ఉన్నది కొనండి, సిలికా రంగు మారగానే మార్చండి. 50 పోట్లకోసారి బ్లీడ్ స్క్రూ తిప్పి నీళ్లు ఊదెయ్యండి, పంపు చల్లారేదాకా ఆగండి. 100 నుంచి 200కి వందకి పైనే పోట్లు పడతాయి, చివరి 30 బార్లకి పెద్దవాళ్లే ఒళ్లు మోపాలి. పాప వల్ల కాదు.

నన్నడిగితే 12 లీటర్ల స్కూబా ట్యాంకు, 200 బార్లది, ఒక ఫిల్లింగ్ అడాప్టరు కొనండి. విశాఖలో స్కూబా డైవింగ్ నేర్పేవాళ్ల దగ్గర ఊపిరి గాలి నింపే కంప్రెసర్ ఉంటుంది, ఆ గాలి ఆరబెట్టి, వడకట్టి వస్తుంది. మీకు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం వాళ్లకి నూటపదికి దగ్గర. దూరమే, కానీ రోజూ వెళ్లే పని కాదు. పావు లీటరు సిలిండర్‌ని 100 నుంచి 200కి తెస్తే ట్యాంకులో తగ్గేది రెండు బార్లే. ఇరవైసార్లు నింపాక ట్యాంకు 160కి దిగుతుంది, అప్పుడు రైఫిల్ కూడా 160కే నిండుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు. రెగ్యులేటర్ ఉన్న రైఫిల్ 70, 80 బార్ల దాకా అదే వేగంతో కొడుతుంది, షాట్లు కొన్ని తగ్గుతాయి అంతే. 300 బార్ల ట్యాంకు ఎక్కువ కాలం వస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు. వస్తుంది. కానీ కన్ను గేజీ మీంచి పక్కకి పోయిన క్షణంలో 200 బార్ల సిలిండర్‌లోకి 250 ఎక్కేస్తుంది. ఇంట్లో మొదటిసారి పెట్టుకునేవాళ్లకి 200 ట్యాంకే మంచిది, అది ఎంత తెరిచినా రైఫిల్ సిలిండర్‌ని హద్దు దాటించలేదు. కొనేటప్పుడు ట్యాంకు మెడ మీద హైడ్రో టెస్ట్ (నీటి పీడనంతో చేసే పరీక్ష) ముద్ర చూడండి. కార్లో నిలబెట్టకుండా పడుకోబెట్టి కట్టి తీసుకెళ్లండి.

వాల్వు మెల్లగా తెరవండి. గబుక్కున నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, గేజీ 200 చూపిస్తుంది, చల్లారాక చూస్తే 180కి పడిపోయి ఉంటుంది. లీకనుకుని ఓ-రింగులు (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయాలు) విప్పేసేవాళ్లు చాలామంది.

గంటస్తంభం:

చాలా వివరంగా చెప్పారు. మా వీధి చివర వెల్డింగ్ షాపులో పెద్ద సిలిండర్లున్నాయి, అడాప్టరు ఉంటే అక్కడే నింపుకోవచ్చు కదా అని ఒకాయన అన్నారు. టైర్ల షాపు కంప్రెసర్ సంగతేంటి?

కళింగపట్నం లైట్‌హౌస్:

వెల్డింగ్ షాపు మాట మళ్లీ తలపెట్టకండి. అక్కడున్నది ఆక్సిజన్. రైఫిల్ లోపల ఓ-రింగులకి గ్రీజు ఉంటుంది, వాల్వులో నూనె జాడ ఉంటుంది. ఎక్కువ పీడనం మీద ఆక్సిజన్ వాటిని తాకితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, అంటుకుని సిలిండర్ చేతిలోనే పేలుతుంది. అది పాప చెంప పక్కన ఉండే వస్తువు. ఆ సలహా ఇచ్చినాయనకి కూడా ఇది చెప్పండి. టైర్ల షాపు కంప్రెసర్ 8, 10 బార్ల దగ్గర ఆగిపోతుంది, దానితో మనకి పనిలేదు.

తుప్పు గురించి కూడా రెండు ముక్కలు. సాధన అయ్యాక రైఫిల్‌ని వెంటనే ఫోమ్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. చేతి చెమట, ఉప్పుగాలి ఆ ఫోమ్‌లోనే ఉండిపోతాయి. మర్నాటికి బారెల్ మీద వేలిముద్రల ఆకారంలోనే ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. పొడిగుడ్డతో తుడిచి, నూనె పట్టించి దాదాపు పిండేసిన గుడ్డతో ఇనుము భాగాలన్నీ రాసి, గంటసేపు గాలికి ఉంచి అప్పుడు పెట్టెలో పెట్టండి. సిలిండర్ విప్పి విడిగా దాచండి. పూర్తిగా ఖాళీ చెయ్యకండి, 50 బార్లైనా ఉంటే సీళ్లు కూర్చునే ఉంటాయి.

చీపురుపల్లి జంక్షన్:

12.40లో టెన్ మీటర్ రేంజి చక్కగా పడుతుంది. ఫైరింగ్ లైను నుంచి కార్డు ముఖానికి సరిగ్గా 10 మీటర్లు టేపుతో కొలవండి. కార్డు మధ్య చుక్క నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున ఉండాలి, 5 సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. పాప నిలబడే చోట టైల్స్ జారితే పల్చటి రబ్బరు మ్యాట్ వెయ్యండి, మెత్తటిది మాత్రం వద్దు.

ట్రాప్ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు, ఆ షాపు మనకి పనికొచ్చేది ఇందుకే. 3 ఎంఎం ఇనపరేకు, అడుగు వెడల్పు అడుగు ఎత్తు పెట్టె, వెనక రేకు 45 డిగ్రీలు వాలుగా, పై అంచు మన వైపుకి వచ్చేలా ఉండాలి. పెల్లెట్ తగిలి చితికి కిందికి ట్రేలోకి రాలుతుంది. రేకు నిటారుగా ఉంటే ముక్కలు వెనక్కి వస్తాయి. పెట్టె వెనక, చుట్టూ గోడకి 18 ఎంఎం ప్లైవుడ్ కొట్టి, దాని మీద పాత రబ్బరు షీటు వేలాడదీయండి. ఉత్త చెక్క చాలనుకోకండి, గట్టి చెక్క మీద ఏటవాలుగా తగిలిన పెల్లెట్ ఎగిరి వెనక్కి రావడం మామూలే. కళ్లద్దాలు కొట్టే మనిషికే కాదు, పక్కన కూర్చున్న వాళ్లకి కూడా. తలుపు లైనుకి అవతల ఉంటే సాధనంతసేపూ లోపలి గడియ పెట్టాలి.

లైటు కార్డు మీద 1500 లక్సుకి (వెలుతురు కొలత) తగ్గకూడదు. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది. రెండు ఎల్ఈడీ లైట్లు చెరోవైపు నుంచి, పాప కంట్లో పడకుండా అడ్డురేకు పెట్టి బిగిస్తే కార్డు మీద నీడ ఉండదు.

సీసం విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ట్రాప్ దగ్గర పొడి చీపురు పెట్టి ఊడవకండి, సీసం దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ఇంటి బట్టలతో కలపకండి. పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో మిక్చర్ పొట్లం ముట్టుకోకూడదు, సబ్బుతో కడుక్కున్నాకే. నోట్లో పెల్లెట్లు పెట్టుకుని లోడ్ చేసే అలవాటు కొందరికుంది, మొదటి రోజే మాన్పించండి.

నాగావళి ఒడ్డు:

మిగిలింది పెల్లెట్లు. ఇంట్లో పోసుకోవడం కుదరదు. మ్యాచ్ పెల్లెట్‌ని అచ్చులో పొయ్యరు, సీసం తీగని ముక్కలు చేసి డైలో ఒత్తుతారు. దాని అంచు కాగితమంత పల్చన. బరువులో రవ్వంత తేడా వచ్చినా, అంచు కాస్త వంగినా గుండు పది వలయం తప్పి తొమ్మిదిలోకి పోతుంది. సీసం పొగ పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. పనిలో పనిగా లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకి కూడా ఒక మాట: తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు ఇంట్లో నింపుకోవచ్చని కాదు. తయారీకి ఆయుధ చట్టం 1959 సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలి. మన ఎయిర్ రైఫిల్ 4.5 ఎంఎం బోరు, శక్తి 20 జౌళ్ల లోపు కాబట్టి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 0.53 గ్రాములు 170 మీటర్ల వేగంతో అంటే ఏడున్నర జౌళ్లే. బిల్లు మాత్రం మీ పేరున తీసుకుని జాగ్రత్త చెయ్యండి, బస్సులో తీసుకెళ్లినప్పుడల్లా దాని నకలు పెట్టెలోనే ఉండాలి.

ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. రోజుకి 60 చొప్పున వారానికి ఐదు రోజులంటే 300 పెల్లెట్లు, 500 డబ్బా పన్నెండు రోజులు కూడా రాదు. సాధనలో సగానికి పైగా డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా గురిపెట్టి ట్రిగ్గరు లాగడం) చేయించండి, మ్యాచ్ రైఫిళ్లలో దానికి వేరే మీట ఉంటుంది, గాలి కూడా ఖర్చవదు. రోజువారీకి మామూలు చదును తల పెల్లెట్లు చాలు. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి పోటీకి. అవి కూడా ఒకేసారి పది డబ్బాలు కొనకండి. 4.49, 4.50, 4.51 తల సైజులు ఒక్కో డబ్బా తెచ్చి, రైఫిల్‌ని బెంచీకి బిగించి, ఒక్కో రకం పదేసి కొట్టండి. పది గుండ్లూ కలిసి చేసిన కన్నం బయటి అంచు నుంచి అంచుకి 6 ఎంఎం లోపు వస్తే ఆ రైఫిల్‌కి అదే తిండి. బారెల్ బారెల్‌కీ మారుతుంది, పక్కింటి వాళ్ల సైజు మనకి పనికిరాదు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. బారెల్ కొసన ఉండే ఫోర్‌సైట్ (ముందువైపు సైట్) లోపలి రింగు. కార్డు మీద నల్లటి వృత్తం 30.5 ఎంఎం. కంటికి దాదాపు ఒక మీటరు దూరంలో ఉన్న ఫోర్‌సైట్ దగ్గర అది 3 ఎంఎంగా కనిపిస్తుంది. రింగు 3.2 పెడితే చుట్టూ తెల్లటి గీత వెంట్రుకంత మిగులుతుంది. పాప ఆ గీత సమానం చేద్దామని పదిహేను సెకన్లు పట్టుకుని ఉంటుంది, చెయ్యి వణుకుతుంది, ట్రిగ్గరు లాగేస్తుంది. 3.8 నుంచి 4.0 దాకా పెట్టండి. తెలుపు ధారాళంగా కనిపిస్తే ఏడెనిమిది సెకన్లలో షాట్ వదులుతుంది. అంతకు మించితే దించేసి మళ్లీ ఎత్తమనండి.

గంటస్తంభం:

ఆదివారం రైఫిల్ చూడ్డానికి వెళ్తున్నాం. సిలిండర్ ఫోటో పంపించమని అడిగితే పంపించారు, దాని మీద 03/2015 అని ఉంది.

నాగావళి ఒడ్డు:

అంటే 2025 మార్చితో దాని గడువు అయిపోయింది. కొత్త సిలిండర్ ధర ముందే కనుక్కుని, రాసిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. పాపని తప్పకుండా తీసుకెళ్లండి, స్టాక్ తన నడుం మీద నిలవాలి.