అప్‌డేట్: పులి మీద దూకే సింహం కార్టూన్ సంగతి

మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు కోసం ఒక పాత కార్టూన్ గురించి ఆమధ్య అడిగాను కదా. 1857 ఆగస్టులో, సిపాయిల తిరుగుబాటు సాగుతుండగా, లండన్ హాస్య పత్రిక 'పంచ్'కు జాన్ టెన్నియల్ గీసింది. అందులో సింహం పులి మీదికి దూకుతుంటుంది. సింహం బ్రిటన్, సరే. పులి ఎందుకు అన్నది మా డౌటు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తిరగబడినవాళ్లు ఎక్కువగా బెంగాల్ సైన్యం సిపాయిలు కాబట్టి బెంగాల్ పులి అన్నారు చాలామంది. ఒకరు మాత్రం టిప్పు సుల్తాన్ వైపు చూడమన్నారు. అసలు సరుకు అక్కడే దొరికింది. టిప్పు గుర్తు పులి. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడ్డాక ఈస్టిండియా కంపెనీ వేయించిన పతకం మీద అప్పటికే సింహం పులిని తొక్కిపట్టి ఉంది! టెన్నియల్ పాత బొమ్మకే పదును పెట్టాడన్నమాట. కడపవాళ్లకు ఇది పరాయి కథేమీ కాదు. టిప్పు నుంచి నిజాంకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి చేతులు మారిన సీమ మాది.

కార్టూన్‌ను జూమ్ చేసి చూడండి. పులి కింద ఒక తెల్లావిడ, పసిబిడ్డ పడి ఉంటారు. చూపు ముందు వాళ్ల మీదికే పోతుంది. సిపాయిలకు కడుపు ఎందుకు మండిందో అడగాలన్న ఆలోచనే రాదు. గడుసు పని.

1878 నాటి ఇంకో టెన్నియల్ బొమ్మ కూడా దొరికింది. రష్యా ఎలుగుబంటికీ బ్రిటిష్ సింహానికీ నడుమ బిక్కుబిక్కుమంటూ అఫ్గాన్ అమీర్, అంటే అక్కడి పాలకుడు. అమ్మాయి దాన్నే కవర్ పేజీకి పెడతానంటోంది. నా ఓటు పతకానికే.