‘గబ్బిలంలా వేలాడు’: చలిదేశాల గబ్బిలాలన్నిటికీ ఈ క్రియ నప్పుతుందా?

అనువాదకురాలు: బ్రిటన్, అమెరికా గబ్బిలాల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. పగటిపూట అవి విశ్రమించడాన్ని ‘రూస్ట్’ అంటారు కదా. అది వచ్చిన ప్రతిచోటా ‘తలకిందులుగా వేలాడుతుంది’ అంటే సరిపోతుందా అండీ?

జంతుశాస్త్రం మాస్టారు: సరిపోదమ్మా. గబ్బిలమనగానే మనకు మర్రిచెట్టుకు వేలాడే పెద్ద గబ్బిలమే కళ్లకు కడుతుంది. అది పండ్లు తినే జాతి, రెక్కలు చాస్తే మీటరు దాటుతుంది. ఆ కుటుంబం సమశీతోష్ణ మండలంలో దాదాపు లేనట్టే. యూరప్ మొత్తం వెతికినా సైప్రస్‌లో ఒక్క జాతి దొరుకుతుంది. చలికాలమంతా పండ్లు ఎక్కడ దొరుకుతాయి? అక్కడున్నవి దాదాపు అన్నీ పురుగులు తినే చిన్నవి. అలాస్కా, కెనడాలతో పాటు అమెరికాలో చాలాచోట్ల కనిపించే లిటిల్ బ్రౌన్ బ్యాట్ రెక్కలు చాస్తే 22–27 సెంటీమీటర్లు. బరువు సుమారుగా మన పది రూపాయల నాణెమంత. ఇది చాలావరకు అటక సందుల్లో, చెట్టు బెరడు కింద, రాతి పగుళ్లలో పొట్టను చెక్కకో రాతికో ఆనించి ఇరుక్కుని ఉంటుంది. వేలాడటానికి అక్కడ చోటే ఉండదు.

నిఘంటువుల పెద్దాయన: దానికి ‘నక్కు’ ఉండనే ఉంది. ‘బెరడు కింద నక్కి ఉంటుంది’ అనండి. అన్నట్టు, అమరకోశంలో గబ్బిలానికి ఉన్న పేర్లు జతుక, అజినపత్ర. అజినమంటే తోలు, తోలే రెక్కగా ఉన్నదని. పేరు పెట్టినవాళ్లు చూసింది రెక్కనే కానీ వేలాడటాన్ని కాదు.

అనువాదకురాలు: అయితే ‘వేలాడు’ పూర్తిగా తీసేయాలా?

మాస్టారు: వద్దు, గుర్రపులాడం గబ్బిలాలకు ఉంచండి. ముక్కు మీద లాడం ఆకారంలో తోలురేకు ఉంటుంది కాబట్టి ఆ పేరు. వాటిలో పెద్ద జాతి యూరప్ నుంచి హిమాలయాల దాకా ఉంది. బ్రిటన్‌లో మాత్రం నైరుతి ఇంగ్లండ్‌కూ దక్షిణ వేల్స్‌కూ పరిమితం. గుహ కప్పుకు కాళ్లు తగిలించి అచ్చంగా వేలాడేది ఇదే. కాలివేళ్ల స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నారలు, శరీరం బరువుకే బిగుసుకుంటాయి, పట్టు కోసం కండరం కష్టపడక్కర్లేదు. పాకడం దీనికి సరిగా రాదు, అందుకే ఎగురుతూ లోపలికి దూరగలిగేంత ద్వారం కావాలి. ‘రెక్కలు దుప్పటిలా కప్పుకుంటుంది’ అన్న వాక్యం కూడా దీనికే వాడండి. లిటిల్ బ్రౌన్ లాంటివి రెక్కలు పక్కలకు మడుచుకుంటాయి.

తూర్పు అమెరికాలో ఉండే ఎర్ర గబ్బిలం మరో తీరు. వేసవిలో ఆకుల మధ్య ఒంటికాలితో వేలాడుతూ ఎండుటాకులా కనిపిస్తుంది. దాని తోకపొర మీద దట్టంగా బొచ్చు ఉంటుంది, చలేస్తే దాన్నే ఒంటి మీదికి లాక్కుంటుంది. దక్షిణ రాష్ట్రాల్లో చలి బాగా ముదిరితే నేల మీద రాలిన ఆకుల కిందికి దూరుతుంది. అక్కడ ‘వేలాడు’ రాస్తే నవ్వులపాలే.

అనువాదకురాలు: వ్యాసంలో గబ్బిలాల పెట్టె, అంటే అవి వచ్చి ఉండటానికి మనుషులు గోడకు తగిలించే చెక్కపెట్టె, బొమ్మ కూడా ఉంది. లోపల వేలాడటానికి కడ్డీ ఉండాలా?

మాస్టారు: అక్కర్లేదు. రెండు చెక్కల మధ్య 19–25 మిల్లీమీటర్ల సందు చాలు. సందు వెడల్పయితే కందిరీగలు తుట్టె పెట్టే అవకాశం ఎక్కువ. దారి కింది నుంచే. లోపలి చెక్క గరుకుగా ఉండాలి, లేదా అడ్డంగా గాట్లు పెట్టాలి. నున్నగా ఉంటే గోళ్లు జారి పైకి పాకలేవు. నేల నుంచి నాలుగు మీటర్ల ఎత్తున, ఎండ తగిలే గోడకు బిగిస్తారు. గబ్బిలం పిల్లలు పెరగడానికి వేడి కావాలి.

పెద్దాయన: ఒక మాట. చలికాలం ‘నిద్రపోతాయి’ అని రాశారు. నిద్ర వేరు కదా?

మాస్టారు: వేరే. పాఠ్యపుస్తకాల్లో శీతాకాల సుప్తావస్థ అంటారు. లిటిల్ బ్రౌన్ చేరే గుహల్లో వేడి ఎక్కువగా 2–8 డిగ్రీలే, ఒళ్లు కూడా దాదాపు అంతకే చల్లబడుతుంది. మధ్యమధ్య మేలుకుంటాయి, శరదృతువులో కూడబెట్టుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఆ మేలుకొలుపులకే ఖర్చు. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి కనిపించిన తెల్లముక్కు జబ్బు దెబ్బకొట్టేది ఇక్కడే. చలిని ఇష్టపడే శిలీంధ్రం మూతికీ రెక్కలకూ పట్టి, వాటిని పదేపదే లేపుతుంది. పురుగులు ఎగిరే రోజులు రాకముందే కొవ్వు అయిపోతుంది.

పెద్దాయన: పిల్లలకైతే ‘చలికి కొయ్యబారి ఉంటాయి’ అనొచ్చు.

మాస్టారు: బావుంది, కానీ మేలుకోవడం గురించి కూడా పక్కనే రాయాలి, లేకపోతే చచ్చాయనుకుంటారు. ఇంకో సంగతి, పొడుగు చెవుల గబ్బిలం బొమ్మ కింద ‘చిన్న చెవులు’ అని రాయకండి. సుప్తావస్థలో అది పెద్ద చెవుల్ని మడిచి రెక్కల కింద దాస్తుంది. నిక్కి కనిపించేవి చెవిరంధ్రం ముందుండే సన్నని రేకులు మాత్రమే. గుర్రపులాడం గబ్బిలానికి ఆ రేకులు అసలుండవు.