పల్లెల్లో పెద్దవాళ్ల దిగులు: మాత్రతో తగ్గేదేనా?

కృష్ణాతీరం: మా మేనత్తకు డెబ్భై దాటాయి. మామయ్య పోయాక ఊళ్లో ఒక్కతే ఉంటోంది. కొడుకు హైదరాబాదులో, కూతురు టెక్సస్‌లో. ఒళ్లంతా మంటలని, నిద్ర పట్టదని, నోటికేదీ సహించదని అంటుంది. ఊరి ఆర్‌ఎంపీ సెలైను ఎక్కించి బలం ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. చివరికి పట్నంలో మానసిక వైద్యుడు చూసి డిప్రెషన్ అని మాత్రలు రాశారు. "మా అమ్మకు పిచ్చి అంటగడతారా?" అని బావ మండిపడుతున్నాడు. బెంగకు మాత్ర వేయడం సబబేనా?

నాగలి: మీ బావ కోపంలో న్యాయముంది. పిల్లలు వలస పోయారు, రచ్చబండ మీద కూర్చునే తోటివాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. ఆ లోటు మాత్రతో పూడుతుందా? ఉమ్మడి కుటుంబాలు ఉన్నప్పుడు ఈ జబ్బు పేరైనా విన్నామా?

తెల్లకోటు (నర్సు): వినలేదంటే లేదని కాదు. మా పీహెచ్‌సీకి వచ్చే పెద్దవాళ్లలో "దిగులుగా ఉంది" అనేవారు అరుదు. కాళ్లు పీకుతున్నాయంటారు, గుండె దడంటారు, కడుపులో మంటంటారు. మేమేమో ఒక గ్యాస్ బిళ్ల, ఒక నొప్పి బిళ్ల ఇచ్చి పంపేస్తాం. రెండు ప్రశ్నలు అదనంగా వేసి చూడండి: "ఇదివరకు ఇష్టమైన పనులు ఇప్పుడూ చేస్తున్నారా? తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోందా?" కొందరికి అక్కడే కళ్లు తడుస్తాయి.

కృష్ణాతీరం గారూ, ముందు థైరాయిడ్, బీ12 చూపించండి. వాటి లోపం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "పడలేదు" అని ఆపేసేవారే ఎక్కువ. ఈ వయసులో కొన్ని మాత్రలకు సోడియం పడిపోతుంది, కాబట్టి రక్తపరీక్ష మానకండి.

ఎర్రనేల: నాగలి గారూ, ఉమ్మడి కుటుంబం అంటే గుర్తొచ్చింది. మా వీధిలో ఒక పెద్దాయన కొడుకు, కోడలు, మనవల మధ్యే ఉంటారు. పొలం కొడుకు పేరు మీదికి మారాక ఏ పంట వేయాలో ఆయన్ను అడిగేవారు లేరు. గొడ్ల చావిడి పక్కన మంచం, వేళకు అన్నం, అంతే. పలకరింపు లేదు. నిండు ఇంట్లోనూ మనిషి కుంగిపోతాడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. కానీ కొడుకు మీద కేసు వేసే తండ్రి ఎక్కడ దొరుకుతాడు?

నాగలి: సరే, ఒప్పుకుంటాను. అయినా మందు ఒక్కటే దారి అనకండి.

తెల్లకోటు (నర్సు): నేనెప్పుడన్నాను? గోవాలో అరవై దాటినవారిపై జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. అందులో పలకరించింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి చూడటం నేర్పారు, నిద్ర గురించి, షుగరు గురించి చెప్పారు, పింఛను లాంటివి అందేలా సాయపడ్డారు. ఈ సాయం అందినవారిలో ఏడాదిలో డిప్రెషన్ బారిన పడ్డవారు, అందనివారితో పోలిస్తే బాగా తక్కువ. ఆంధ్రలో నెల నెలా పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు కదా. ఆ గుమ్మంలోనే ఆ రెండు ప్రశ్నలూ అడగవచ్చు.

నాగలి: వేలిముద్ర పడక చెమటలు కక్కే ఉద్యోగికి ఇదొకటా! మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సాయం, 14416 టెలిమానస్, ఉందిగా అంటారేమో, చెవి వినబడని అవ్వ ఫోనులో ఏం మాట్లాడుతుంది?

కృష్ణాతీరం: చెవి మాట బాగా గుర్తుచేశారు. అత్తకు రెండేళ్లుగా సరిగా వినబడటం లేదు, అందుకే పేరంటాలకు కూడా వెళ్లడం మానేసింది. సెలైను ఆపించేశాం, మాత్రలు కొనసాగిస్తున్నాం. వినికిడి యంత్రం ఎక్కడ ఇస్తారు?

తెల్లకోటు (నర్సు): జిల్లా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో ముందు పరీక్ష చేయించండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో ఉచితంగా ఇస్తారు. యంత్రం పెట్టుకోవడం అలవాటయ్యేదాకా ఎవరైనా దగ్గరుండాలి, లేకపోతే బీరువాలోకి చేరుతుంది.