టొరంటో కలయిక: కోడి వేపుడు, వాక్య చర్చ, ఎవరికి ఏ పని

పర్లాకిమిడి పిన్ని:
అందరికీ వందనాలు. హాలు వంటింట్లో నూనె మూకుడు పెట్టనివ్వరని తేలిపోయింది. కోడి ఇళ్లలోనే వేయించి తేవాలి. ఎనభై మందికి తలా రెండు కాళ్లు, అంటే సుమారు 18 కిలోలు. ఇంటికి 3 కిలోల లెక్కన ఆరు ఇళ్లు కావాలి. మా అమ్మాయి ఇల్లు ఒకటి, తక్కిన ఐదూ ఇక్కడే రాయండి. నేను బుధవారం దిగుతాను. బరంపురం వదిన ఆడించిన కారం, ధనియాల పొడి నా పెట్టెలోనే వస్తున్నాయి.

మధ్యాహ్నం వాక్య చర్చ నాకు అప్పగించారు. 1 కొరింథీయులకు 6:9 తీసుకుంటున్నాను. దేవుని రాజ్యానికి వారసులు కారని పౌలు చెప్పినవారిలో 'ఆడంగితనముగలవారు', 'పురుషసంయోగులు' అని ఉన్న వాక్యం అది. మగవాళ్ల మధ్య సంబంధాల మాట వస్తే చాలామంది చూపేది ఇదే.

హాలు చూసే తమ్ముడు:
పిన్నీ, రెండు ఇళ్లు దొరికాయి. కాని చర్చ విషయం మార్చమని ముగ్గురు ఫోన్ చేశారు. అందరూ కలిసే రోజున ఇది ఎందుకంటున్నారు. మన కుర్రాడు కూడా తన స్నేహితుడితో వస్తున్నాడు కదా, వాడి ముఖం ఎలా చూడాలని ఒకరు అడిగారు.

రాయగడ అన్నయ్య:
నేను మా అబ్బాయి దగ్గరకొచ్చి రెండు నెలలైంది, నేనూ వస్తాను. కాని వాక్యం తేటగా ఉంది చెల్లీ. పురుషసంయోగులు అని అచ్చులో ఉంది. ఇంక చర్చేటి? చదివి ప్రార్థన చేసుకుంటే సరిపోద్ది.

పర్లాకిమిడి పిన్ని:
అన్నయ్యా, ఈ వాక్యం తీయమని అడిగింది ఆ కుర్రాడే. వాడి పేరు మాత్రం ఇక్కడ ఎవరూ రాయొద్దు.

నేను ఎందుకు ఒప్పుకున్నానో చెప్తాను. ముప్పయ్యేళ్ల కిందట సండే స్కూల్లో ఇదే వాక్యం చెబుతూ, 'ఆడంగితనముగలవారు' అన్నచోట నేను ఒక పిల్లాడి వైపు చూశాను. సన్నని గొంతు, నడకలో నెమ్మది, అంతే వాడి నేరం. పిల్లలందరూ వాడి వైపు తిరిగారు. మరుసటి ఆదివారం వాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మా వీధి చివరే వాళ్ల ఇల్లు. వెళ్లి పిలవలేదు నేను. మహేంద్రతనయ వంతెన దాటి పాతపట్నం బజారుకు వెళ్లినప్పుడల్లా, ఎదురొస్తే ఏం చెప్పాలా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వాక్యంలో రెండు గ్రీకు మాటలున్నాయి: మలకోయి, అర్సెనోకోయితాయి. మొదటిదానికి మూలార్థం మెత్తనివారు. మత్తయి 11:8లో అదే మాట మెత్తని బట్టలకు వాడారు. మన తెలుగు బైబిల్ దాన్ని ఆడంగితనం చేసింది. రెండోది పురుషుడు, పడక అనే మాటలు కలిపి కట్టినది. పురుషుడితో పురుషుడు శయనించడాన్ని నిషేధించే లేవీయకాండం 20:13 గ్రీకు అనువాదంలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. నీ వాదానికి బలం అక్కడుంది అన్నయ్యా, దాన్ని నేను దాచను. పౌలు అన్నది పిల్లలను పాడుచేసేవారినా, డబ్బుకు జరిగే దాన్నా, లేక మగవాళ్ల మధ్య సంబంధాలన్నిటినీనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన అక్కడ మన పిల్లల ముందు పెడదాం.

ఇంగ్లీషులో ఈ మాటలు ఎన్ని రూపాలు మారాయో తెరమీద వేస్తాను. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఒకలా ఉంది. 1946లో రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ వాళ్లు రెండు గ్రీకు మాటలనూ ఒక్కటి చేసి 'హోమోసెక్సువల్స్' అని పెట్టారు. జర్మన్‌లో 1860ల చివర పుట్టిన మాట అది, పౌలు ఎరగనిది. కెనడాలో సెమినరీ చదువుతున్న ఒక యువకుడు 1959లో అనువాద సంఘానికి ఉత్తరం రాసి, ఇది తప్పని చెప్పాడు. 1971 కూర్పులో ఆ మాట తీసేశారు. 1989లో మళ్లీ రెండు మాటలుగా విడదీశారు. ఇక 2011 న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ (ఎన్.ఐ.వి.)లో పురుషులతో శయనించే పురుషులు అనే అర్థం వచ్చేలా పెట్టారు. అందరూ దేవుని భయం ఉన్న అనువాదకులే, అయినా ఒక్క మాట మీద కుదరలేదు.

మన వైపు చూడండి. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు క్రాన్, డెగ్రాంజెస్. ఆనందరాయర్ సాయంతో తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటినుంచి ఎన్ని చేతులు దిద్దాయో! మా ఊళ్లో ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు, జనం నోట ఆడే మాటే రాతలో ఉండాలని జీవితమంతా పోరాడారు. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్తే మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్లిపోయారు కాని భాషను వదల్లేదు. పురుషసంయోగులంటే టొరంటోలో పుట్టిన పిల్లకు ఏం తెలుస్తుంది? ఇంగ్లీషు బైబిల్ తెరిస్తే వాళ్లకు వాళ్ల స్నేహితుడి ముఖం కనిపిస్తుంది. వాళ్లు పెరిగిన దేశంలో 2005 నుంచే ఇద్దరు మగవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. మనకు 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పేదాకా మగవాళ్ల మధ్య శారీరక సంబంధమే శిక్షపడే నేరం. ఒకే బల్ల చుట్టూ ఈ రెండు దేశాలూ కూర్చుంటాయి. అందుకే నిదానంగా చదవాలంటున్నాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. భోజనాల దగ్గర ఆ కుర్రాడు తన స్నేహితుడితో కూర్చుంటాడు. బల్ల మార్చుకోవాలనుకున్నవాళ్లు ముందే నాతో చెప్పండి, నేను ఆ ఇద్దరి పక్కన కూర్చుంటాను.

హాలు చూసే తమ్ముడు:
సరే పిన్నీ, ప్రొజెక్టర్ నేను చూస్తాను. ఇప్పుడు కోడి సంగతి చెప్పండి, మా ఆవిడ మొదటిసారి ఇంత నూనెలో వేయిస్తోంది.

పర్లాకిమిడి పిన్ని:
ముందు రాత్రే కిలోకు రెండు చెంచాల ఉప్పు, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, గట్టి పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాలి. ముక్కల్ని సింకులో కడగొద్దు, నీటి తుంపరలతో క్రిములు చుట్టూ పడతాయి. పొద్దున కాస్త బియ్యప్పిండి, కాస్త మొక్కజొన్న పిండి అద్దండి. అద్దాక పావుగంట వదిలితే పొర అంటుకుంటుంది.

మూకుడులో నూనె సగానికి మించొద్దు. 170 డిగ్రీలకు కాగాక నాలుగైదు ముక్కలే వేయండి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్క నూనె తాగేస్తుంది. ఎముకున్న కాలికి 12 నుంచి 14 నిమిషాలు పడుతుంది. రంగు చూసి తీయొద్దు, థర్మామీటర్ మాంసంలో గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. అది ఎముకకు తగలకూడదు. సగం వేయించి ఆపి, హాలుకొచ్చే ముందు మళ్లీ వేయిద్దామనుకోకండి, లోపల పచ్చిగా ఉన్న ముక్క పాడవుతుంది. నూనెకు మంట అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టాలి, నీళ్లు మాత్రం పోయొద్దు.

తీసిన ముక్కలు తీగ జల్లెడ మీద పెట్టండి. వేడిగా డబ్బాలో మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడిపోతాయి. బయలుదేరేదాకా ఓవెన్ 95 డిగ్రీల మీద ఉంచండి. కరివేపాకు, పచ్చిమిర్చి చివర్లో వేయించి పైన చల్లుకోవడమే.

బరంపురం వదిన:
కారం ఘాటుగా ఉంది, పిల్లల ట్రేకి సగమే వేయండి.

రాయగడ అన్నయ్య:
చెల్లీ, నా మాట మారదు. లేవీయకాండం నేనే చదువుతాను. నువ్వు చెప్పింది విని నా జవాబు చెప్తాను. మా కోడలు 3 కిలోలు వేయిస్తానంది, రాసుకో.

పర్లాకిమిడి పిన్ని:
రాశాను అన్నయ్యా, నీది నాలుగో ఇల్లు. చదివేటప్పుడు 18:22 నుంచి మొదలుపెట్టు, తర్వాత 20:13. ఇంకా రెండు ఇళ్లు కావాలి.